రేడియేషన్ గదిలో కేబుల్‌కి ఇంకెన్నాళ్లు? ఇండెంటర్ సమీక్ష

కేబుల్‌ను గోటితో నొక్కి చూసి "ఇంకా మెత్తగానే ఉంది" అని చెప్పే పనిని ఒక మోటారుకి, బలాన్ని కొలిచే సెల్‌కి అప్పగిస్తే వచ్చేదే ఇండెంటర్. అణు విద్యుత్ కేంద్రాల్లో, గామా స్టెరిలైజేషన్ ప్లాంట్లలో, యాక్సిలరేటర్ సొరంగాల్లో ఏళ్ల తరబడి రేడియేషన్ తింటున్న కేబుళ్లు ఇంకెంత కాలం పనికొస్తాయో కోయకుండా తెలుసుకోవడానికి దీన్ని వాడతారు. కేబుల్‌ను పట్టుకునే బిగింపు తల, అందులోంచి ముందుకొచ్చే చిన్న శంకువు మొన, ఒక కంట్రోల్ యూనిట్, లెక్కలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఈ సమీక్ష ఒక కంపెనీ మోడల్ గురించి కాదు. ఈ తరహా పరికరం గురించీ, దానికి తోడుగా ల్యాబ్‌లు అమ్మే రెండు పరీక్షల గురించీ.

ముందే మా మాట. జాకెట్లు (కేబుల్ బయటి తొడుగులు) రబ్బరు జాతివైతే ఇండెంటర్ కొనొచ్చు, లేదా అద్దెకు పిలిపించొచ్చు. ప్లాంటులో ఎక్కువ భాగం ఎక్స్‌ఎల్‌పీఈ (గొలుసులు ముడిపడిన పాలిథిలీన్) ఇన్సులేషనే అయితే దీని ఒక్కదాని మీద ఆధారపడొద్దు. సాఫ్ట్‌వేర్ తెర మీద "మిగిలిన ఏళ్లు" అని ఒక అంకె వస్తుంది చూశారా, దాన్ని నమ్మే ముందు చాలా అడగాలి. ఈ సమీక్షలో సగం దాని గురించే.

నొక్కడంలో మెలకువ

మొన నిమిషానికి 5 మిల్లీమీటర్ల వేగంతో జాకెట్‌లోకి దిగుతుంది. దిగిన లోతు ఒక పక్క, ఎదురొచ్చిన బలం ఇంకో పక్క గ్రాఫ్‌లో పడతాయి. ఆ గీత వాలే ఇండెంటర్ మాడ్యులస్. దాన్ని మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని చెబుతారు. ముందుగా పెట్టుకున్న బలం అందగానే మొన వెనక్కి వచ్చేస్తుంది, జాకెట్‌కి చిల్లు పడదు. ఈ పద్ధతిని ఐఈసీ/ఐఈఈఈ 62582 ప్రమాణంలో రెండో భాగం నిర్దేశిస్తుంది. సేవ అమ్మేవాళ్లు దాని ప్రకారమే చేస్తున్నారా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

కొలత చెడిపోయేది ఎక్కువగా పరికరం వల్ల కాదు, బిగింపు వల్ల. మల్టీకోర్ కేబుల్‌లో జాకెట్ కింద కొన్నిచోట్ల తీగ ఉంటుంది, కొన్నిచోట్ల ఫిల్లర్ మధ్య ఖాళీ ఉంటుంది. ఖాళీ మీద నొక్కితే జాకెట్ మొత్తం లోపలికి వంగుతుంది, అంకె తక్కువగా వస్తుంది, ముసలి కేబుల్ కుర్రదానిలా కనిపిస్తుంది. అందుకే చుట్టూ తిప్పుతూ, పొడవునా కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కో చోట కనీసం ఎనిమిది, పది పాయింట్లు తీయాలి. నొక్కిన గుంట మీదే మళ్లీ నొక్కకూడదు. ప్రతి పాయింట్‌కీ గ్రాఫ్ చూడాలి. గీత మొదట్లో కాస్త వంగి తర్వాత తిన్నగా సాగితే సరే. మధ్యలో మెట్టులా విరిగితే కేబుల్ బిగింపులో జారిందని అర్థం, ఆ పాయింట్ తీసేయాలి. మిగిలిన వాటి చెదురు సగటులో పది శాతం దాటుతోందంటే బిగింపు మార్చి మళ్లీ చేయడమే మేలు.

ఇక వేడి. రబ్బరు వేడెక్కితే మెత్తబడుతుంది. 35 డిగ్రీల్లో తీసిన అంకెను వయసుతో అంకె ఎలా మారుతుందో ల్యాబ్‌లో 22 డిగ్రీల దగ్గర గీసిన వక్రరేఖతో పోలిస్తే కేబుల్ వయసు ఉన్నదానికంటే తగ్గి కనిపిస్తుంది. కరెంటు మోసే పవర్ కేబుల్ అయితే లోడ్ తీసి గది వేడికి చల్లారనివ్వాలి. జాకెట్ మీదే థర్మోకపుల్ పెట్టి ఉష్ణోగ్రత రాసుకోవాలి. దిద్దుబాటు కూడా అదే పదార్థంతో వేర్వేరు వేడిల్లో చేసిన కొలతల నుంచి రావాలి. అన్ని రబ్బర్లకూ ఒకే గుణకం వాడే సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ సదుపాయం ఆపేసి పచ్చి అంకెలే తీసుకోండి.

కొలతకి పట్టే సమయం తక్కువే. ఒక మిల్లీమీటరు దిగడానికి 12 సెకన్లు. సమయం తినేది బిగించడం, ట్రేలో కేబుల్‌ను వేరుచేయడం. మనిషికి డోసు పడేది అక్కడే కాబట్టి, తలకీ కంట్రోల్ యూనిట్‌కీ మధ్య పొడవాటి తీగ ఉన్న మోడల్‌కే ఓటు. బిగించినవాడు షీల్డింగ్ వెనక్కి వచ్చి నిలబడొచ్చు.

దేన్ని చదువుతుంది, దేన్ని చదవలేదు

రేడియేషన్ ప్లాస్టిక్‌లో రెండు పనులు చేస్తుంది. పొడవాటి అణు గొలుసులను తెంపుతుంది, లేదా పక్క గొలుసులతో ముడివేస్తుంది. గాలిలో ఆక్సిజన్ ఉంటే తెగిన కొసలకి అది పట్టుకుని ఇంకా పాడుచేస్తుంది. ముడులు పెరిగితే పదార్థం బిరుసెక్కుతుంది, ఇండెంటర్‌కి దొరికిపోతుంది. సీఎస్‌పీఈ అంటే క్లోరోసల్ఫొనేటెడ్ పాలిథిలీన్ (హైపలాన్ పేరుతో ఎక్కువమందికి తెలుసు), నియోప్రీన్, పీవీసీ జాకెట్లు దీనికి బాగా లొంగుతాయి. వయసుతో పాటు అంకె క్రమంగా పెరుగుతూ పోతుంది. ఈపీఆర్ (ఇథిలీన్ ప్రొపిలీన్ రబ్బరు) రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని మొదట్లో కదలకుండా ఉండి, చివర్లో ఒక్కసారిగా బిరుసెక్కుతాయి.

బ్యూటైల్ రబ్బరుకి ఇది ఉల్టా. రేడియేషన్‌కి గొలుసులు తెగి మెత్తబడి జిగటగా తయారవుతుంది. అంకె తగ్గింది కదా, బాగానే ఉంది అనుకుంటే అక్కడే బోల్తా. టెఫ్లాన్ కథ ఇంకా ఘోరం. ఎంత వేడినైనా తట్టుకుంటుందని పేరున్న ఈ పదార్థం గాలిలో కొద్ది కిలోగ్రేలకే (గ్రే అంటే పడిన రేడియేషన్ డోసుకి కొలమానం) పెళుసై పొడిపొడిగా రాలుతుంది. రేడియేషన్ ఉన్న చోట టెఫ్లాన్ సీల్, టెఫ్లాన్ తీగ కనబడితే దాని ఆయుష్షు కొలవడం దండగ, మార్చేయండి. ఎదురు కొసన పాలిఇమైడ్, పీఈఈకే అనే గట్టి ప్లాస్టిక్‌లు ఉంటాయి. వీటిని కదిలించాలంటే మెగాగ్రేల లెక్కలో డోసు కావాలి.

ఎక్స్‌ఎల్‌పీఈలో స్ఫటిక భాగాలుంటాయి. బిరుసుతనం వాటి వల్లే వస్తుంది, అవి వయసుతో పెద్దగా మారవు. మధ్యలో ఉన్న మెత్తటి భాగం పాడవుతున్నా మొనకి తెలియదు. సాగే గుణం సగం పోయాక కూడా అంకె కొత్తదానిలాగే ఉండొచ్చు. నొక్కి వదిలాక గుంట పూడటానికి పట్టే సమయాన్ని కూడా కొలిచే మోడళ్లున్నాయి. మాడ్యులస్ పలకని పదార్థాల్లో ఈ కొలత కొంత మెరుగు, కానీ దాన్ని పోల్చి చూసే వక్రరేఖలు మీ కేబుల్ రకానికి దొరకడం కష్టం.

పెద్ద లోపం వేరే ఉంది. ఇండెంటర్ ముట్టుకునేది జాకెట్‌ను. కరెంటును ఆపేది లోపలి ఇన్సులేషన్. టెర్మినల్ బాక్స్‌లో కోర్‌లు బయటికొచ్చే చోట తప్ప అది దొరకదు. పైగా బాక్స్‌లో వేడి వేరు, డోసు వేరు. జాకెట్ ముందు పాడవుతుందనీ, అది హెచ్చరిక గంట లాంటిదనీ అమ్మేవాళ్లు చెబుతారు. చాలా కేబుళ్లలో అది నిజమే. ఈపీఆర్ మీద సీఎస్‌పీఈ పొర అంటించి చేసిన ఇన్సులేషన్ విషయంలో మాత్రం ఇంకో మెలిక ఉంది. బయటి పొరలో పుట్టిన పగులు అక్కడితో ఆగదు, కింది ఈపీఆర్‌ను కూడా చీల్చుకుంటూ పోతుంది. అలాంటి చోట పై పొర అంకెనే కేబుల్ మొత్తానికి అంకెగా తీసుకోవాలి.

తోడుగా తీసుకోవాల్సిన రెండు పరీక్షలు

ఇండెంటర్ మూగబోయే ఎక్స్‌ఎల్‌పీఈ దగ్గర ఓఐటీ (ఆక్సిడేషన్ ఇండక్షన్ టైమ్, అంటే ఆక్సీకరణ మొదలవడానికి పట్టే సమయం) పలుకుతుంది. ఇన్సులేషన్ నుంచి పది మిల్లీగ్రాముల తురుము తీసి, పదార్థం విడుదల చేసే వేడిని కొలిచే డీఎస్‌సీ యంత్రంలో నైట్రోజన్ కింద 200 డిగ్రీలు దాటించి, ఆక్సిజన్ వదులుతారు. లోపల యాంటీ ఆక్సిడెంట్ మిగిలి ఉన్నంతసేపు ఏమీ జరగదు. అది అయిపోగానే పదార్థం మండినట్టు వేడి విడుదల చేస్తుంది. ఆ మధ్య నిమిషాలే ఫలితం. అంటే ఇది పాడైనదాన్ని కాదు, పాడవకుండా కాచేది ఇంకా ఎంత ఉందో కొలుస్తుంది. అందుకే మిగతా పరీక్షల కంటే ముందే మోగుతుంది. పీవీసీ, సీఎస్‌పీఈ లాంటి క్లోరిన్ ఉన్నవాటికి ఇది పనికిరాదు. అవి వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వదిలి గీతను గజిబిజి చేస్తాయి, యంత్రం సెల్‌ను కూడా తినేస్తాయి.

తురుము తీయడం చిన్న పనిలా కనిపిస్తుంది, తప్పులన్నీ అక్కడే. పైపైన గీకితే ఎక్కువ ఆక్సీకరణ చెందిన పొర మాత్రమే వస్తుంది. లోతుగా కోస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. టెర్మినల్ దగ్గర మిగులు పొడవు ఉంటే కొస కత్తిరించి ఇవ్వడం మంచిది. ముక్కలు పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే ఆక్సిజన్ ఒక్కోదానికి ఒక్కోలా చేరి ఫలితం చెదిరిపోతుంది. రెండు శాంపిళ్లకే రిపోర్ట్ ఇచ్చే ల్యాబ్‌ను పక్కన పెట్టండి.

రెండోది సాగుదల పరీక్ష, అసలు తీర్పు చెప్పేది. తీగ లాగేసిన ఇన్సులేషన్ గొట్టాన్నో, జాకెట్ నుంచి డంబెల్ ఆకారంలో కోసిన ముక్కనో తెగేదాకా లాగుతారు. కొత్త ఈపీఆర్ 200 నుంచి 400 శాతం దాకా సాగుతుంది. అది 50 శాతానికి పడిపోయిందంటే ఆయుష్షు తీరినట్టు లెక్క. ఈ 50 ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఒక కేబుల్‌ను తన వ్యాసమే ఉన్న కడ్డీకి చుడితే బయటి అంచు సరిగ్గా 50 శాతం సాగాల్సి వస్తుంది. కేబుల్ వ్యాసానికి ఎనిమిది రెట్ల వ్యాసార్ధంతో వంచితే ఆరు శాతం చాలు. అంటే 50 దగ్గర కేబుల్ ఇంకా బతికే ఉంటుంది, ప్రమాద సమయంలో ఆవిరినీ వేడినీ తట్టుకోవడానికి కొంత చేవ మిగిల్చి పెట్టిన గీత అది. కదలని, ప్రమాదంలో పనిచేయనక్కర్లేని కేబుల్‌కి ఇదే గీత పెట్టడం అతి జాగ్రత్త. రోజూ వంగే కేబుల్‌కి ఇదే గీత చాలదు కూడా.

ల్యాబ్‌ను ఒకటే అడగండి: సాగుదల ఎక్స్‌టెన్సోమీటర్‌తో (శాంపిల్ మీదే సాగుదల చూసే పరికరం) కొలిచారా, గ్రిప్పుల మధ్య దూరంతోనా? గ్రిప్పుల దూరంతో అయితే జారుడు కూడా సాగుదలలో కలిసిపోతుంది. గొట్టం శాంపిళ్లకి కొసల్లో మెత్తటి ప్లగ్గులు పెట్టకపోతే గ్రిప్పు నలిపిన చోటే తెగి అంకె తగ్గుతుంది. తెగింది ఎక్కడో ఫొటోతో సహా రిపోర్ట్‌లో ఉండాలి.

మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూసుకుంటే సరిపోదా? సరిపోదు. పెళుసెక్కి పగలకుండా నిలిచి ఉన్న ఇన్సులేషన్ గిగా ఓముల్లోనే చూపిస్తుంది. పగులులోకి తేమ దిగాకే అంకె పడిపోతుంది.

"మిగిలిన ఏళ్లు" ఎక్కడి నుంచి వస్తాయి

ఇప్పుడు అసలు తంటా. కొలిచిన అంకెను ఏళ్లుగా మార్చాలంటే అదే పదార్థాన్ని ల్యాబ్‌లో త్వరగా ముసలిదాన్ని చేసి గీసిన వక్రరేఖ కావాలి. వేడి వాటాని ఆరీనియస్ సూత్రంతో (వేడి పెరిగితే రసాయన చర్య ఎంత వేగమవుతుందో చెప్పేది) లెక్కిస్తారు. అందులో యాక్టివేషన్ ఎనర్జీ (చర్య మొదలవడానికి కావాల్సిన శక్తి) అనే ఒకే ఒక్క అంకె మొత్తం ఫలితాన్ని ఆడిస్తుంది. లెక్క చూడండి. 120 డిగ్రీల్లో 300 గంటలు ఆగిన పదార్థం 50 డిగ్రీల్లో ఎన్నాళ్లు ఆగుతుంది? యాక్టివేషన్ ఎనర్జీ 1.1 ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుంటే 39 ఏళ్లు. 0.9 అనుకుంటే 11 ఏళ్లు కూడా రావు. ఈ రెండు విలువలూ ఒకే జాతి రబ్బరుకి పట్టికల్లో దొరుకుతాయి. మీ కేబుల్‌కి ఏ విలువ వాడారు, అది ఏ ఉష్ణోగ్రతల మధ్య కొలిచినది అని రిపోర్ట్‌లో లేకపోతే ఆ ఏళ్ల అంకెకి అర్థం లేదు.

అదే 1.1 విలువతో, కేబుల్ ఉన్న చోట 50 కాకుండా 55 డిగ్రీలుంటే 39 ఏళ్లు 21కి దిగుతాయి. ఆవిరి పైపు పక్కగా వెళ్లే రెండు అడుగుల భాగమే మొత్తం కేబుల్ ఆయుష్షు. సగటు ఉష్ణోగ్రత కూడా మోసమే. ఆరు నెలలు 40, ఆరు నెలలు 60 ఉంటే సగటు 50 అంటారు. కానీ వేడి నెలల్లో జరిగే నష్టం చల్లటి నెలల్లో పూడదు. పైన వాడిన విలువతోనే లెక్కిస్తే అది ఏడాది పొడవునా దాదాపు 55 డిగ్రీలు ఉన్నదానితో సమానం.

ఇక డోసు. గంటకి 0.1 గ్రే ఉన్న చోట 40 ఏళ్లకి సుమారు 35 కిలోగ్రే పడుతుంది. కోబాల్ట్-60 గామా చాంబర్‌లో గంటకి 5 కిలోగ్రే ఇస్తే ఏడు గంటల్లో ఆ పని అయిపోతుంది. 40 ఏళ్లని ఒక పూటలో కుదించేశామన్నమాట. ఇందులో లొసుగు ఆక్సిజన్. డోసు రేటు ఎక్కువైతే లోపలికి చేరేలోపే ఆక్సిజన్ పై పొరలోనే ఖర్చయిపోతుంది. ఆక్సీకరణ దిగే లోతు డోసు రేటు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. రేటు వంద రెట్లు పెంచితే లోతు పదో వంతుకి పడిపోతుంది. ల్యాబ్ శాంపిల్ పైన మాత్రమే కాలి లోపల పచ్చిగా ఉంటుంది. ప్లాంటులో కేబుల్ నిదానంగా, లోపలి దాకా ఆక్సీకరణ చెందుతుంది. కాబట్టి అదే మొత్తం డోసుకి ప్లాంటు కేబుల్ ఎక్కువ పాడవుతుంది, ల్యాబ్ రిపోర్ట్ మాత్రం ధైర్యం చెబుతుంది.

ఇది పుస్తకాల భయం కాదు. అమెరికాలోని సవానా రివర్ రియాక్టర్‌లో పాలిథిలీన్ ఇన్సులేషన్, పీవీసీ జాకెట్ ఉన్న కేబుళ్లు 12 ఏళ్లకే పెళుసెక్కిపోయాయి. పడిన డోసు చూస్తే సుమారు 25 కిలోగ్రే, వేడి 43 డిగ్రీల దగ్గర. ఆనాటి ల్యాబ్ అంకెల ప్రకారం అది లెక్కలోకి రాని డోసు. శాండియా ప్రయోగశాలలో రోజర్ క్లఫ్, కెనెత్ గిల్లెన్ దీన్ని తవ్వి తీశారు. రేడియేషన్ తర్వాత వేడి ఇచ్చిన శాంపిల్ ఘోరంగా పాడైంది, ముందు వేడి ఇచ్చి తర్వాత రేడియేషన్ ఇచ్చింది అంతగా పాడవలేదు. రేడియేషన్ పెరాక్సైడ్లను పుట్టిస్తుంది, వేడి వాటిని పగలగొట్టి మళ్లీ కొత్తగా గొలుసులను తెంపుతుంది. అందుకే వేడి ముందా, రేడియేషన్ ముందా, రెండూ ఒకేసారా అన్నది రిపోర్ట్‌లో తప్పక చూడాల్సిన వరుస. రెండూ ఒకేసారి, తక్కువ రేటులో ఇచ్చిన డేటా దొరికితే దానికే విలువ ఇవ్వండి. గంటకి 100 గ్రే అయినా అదే 35 కిలోగ్రేకి 350 గంటలు చాలు, రెండు వారాల పని. ఏడు గంటల్లో ముగించాల్సిన తొందర ఎవరికీ లేదు.

ఇంకో వింత కూడా ఉంది. కొన్ని ఎక్స్‌ఎల్‌పీఈ, ఈపీఆర్ రకాలు రేడియేషన్‌లో గది ఉష్ణోగ్రత దగ్గరే ఎక్కువ పాడవుతాయి. వేడి పెంచితే స్ఫటికాలు కరిగి, గొలుసులు కదిలి, నష్టం కొంత సర్దుకుంటుంది. అలాంటి పదార్థానికి వేడి ల్యాబ్‌లో తీసిన ఆరీనియస్ లెక్క వాడితే ఫలితం అటు ఇటు కాదు, తలకిందులవుతుంది.

కొనేముందు, సంతకం పెట్టేముందు

పరికరానికి డబ్బు కట్టకముందు కేబుల్ మార్గమంతా ఆలనైన్ డోసిమీటర్లు (పడిన డోసును పట్టి చూపే బిళ్లలు), ఉష్ణోగ్రత లాగర్లు కట్టండి. ఆలనైన్ సుమారు 10 గ్రే నుంచి 100 కిలోగ్రే దాకా చదువుతుంది, నెలల తరబడి వదిలేయొచ్చు. గది గోడ మీది మీటరు చెప్పేది గోడ డోసు మాత్రమే. రేడియేషన్ మూలానికి దగ్గరగా వంపు తిరిగే చోట అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఈ పటం లేకుండా ఇండెంటర్ కొలతలు తీయడం కళ్లకు గంతలు కట్టుకుని రాళ్లు విసరడమే. ఎక్కడ నొక్కాలో కూడా ఈ పటమే చెబుతుంది.

సేవ అమ్మేవాళ్లు పాత కేబుల్‌కి మొదటి అంకె ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. స్టోర్‌లో చుట్ట మిగిలి ఉంటే దాన్నే కొలిపించండి. లేకపోతే అదే కేబుల్ డోసు, వేడి లేని చివరి భాగాన్ని కొలిచి దాన్నే మొదలుగా పెట్టుకోవచ్చు. వేరే తయారీదారు కేబుల్ అంకెను అరువు తెచ్చుకుంటే మాత్రం ఒప్పుకోవద్దు. అదే పేరున్న రబ్బరైనా ఫిల్లర్, యాంటీ ఆక్సిడెంట్ మారితే వక్రరేఖ మారిపోతుంది. ఇండెంటర్ అంకె 15 నుంచి 30కి పెరిగింది అంటే ఒక రబ్బరులో సగం ఆయుష్షు, ఇంకో రబ్బరులో చివరి రోజులు.

రిపోర్ట్‌లో ఒకే ఒక్క సంవత్సరం ఉంటే వెనక్కి పంపండి. యాక్టివేషన్ ఎనర్జీ తక్కువ, ఎక్కువ విలువలతో రెండు తేదీలు ఉండాలి. అన్నింటికంటే వేడిగా, అన్నింటికంటే డోసు ఎక్కువగా ఉన్న పాయింట్లు విడిగా కనిపించాలి. పచ్చి గ్రాఫులు ఫైల్ రూపంలో చేతికి రావాలి, లేకపోతే ఐదేళ్ల తర్వాత ఇంకో కంపెనీతో కొలిపించినప్పుడు పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇండెంటర్ కంటే, సాఫ్ట్‌వేర్ కంటే చవకైన పని ఒకటుంది. కొత్త కేబుల్ వేసే రోజే అదే చుట్ట నుంచి పదిహేను, ఇరవై ముక్కలు కోసి, అత్యంత వేడి, అత్యంత డోసు ఉన్న చోట ట్రేలో కట్టేయండి. ముక్కల కొసలు మూసేయడం మరిచిపోవద్దు, లేకపోతే అసలు కేబుల్‌కి అందని ఆక్సిజన్ కొసల నుంచి లోపలికి పోతుంది. కొన్నేళ్లకోసారి ఒక్కో గుత్తి తీసి సాగుదల, ఓఐటీ రెండూ చేయించండి. ఈ ముక్కలు మూలానికి కాస్త దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. అవి అసలు కేబుల్ కంటే ముందు ముసలివవుతాయి, మార్చే పని షట్‌డౌన్‌లో పెట్టుకోవడానికి సమయం దొరుకుతుంది.